కుడి వంతు నెల

రాండి, రాండి. బిందెలు వరసలో పెట్టేసి ఈ అరుగు మింద ఇట్ల చేరండి. కొళాయిలో ఇంగా గాలే వస్తా ఉండాది, నీళ్ళు రాను గంటైనా పడతాది. ఆ మూల గుసగుసలు చాలించండమ్మా, సీరియల్లో ఎవురు ఎవుర్ని చంపిరో రేపు మాట్లాడుకుందురు. ఫోన్లు కొంగుల్లో ముడేసుకోండి. కెంపమ్మ వచ్చిండాదా? లేదా? వచ్చినా నాకేం భయం లేదు. ఆమెది కడాన ఒకే ఒక్క మాట వస్తాది, అంతే.

ఈ నాగమ్మ, అంటే నేను, చెప్పే కతల్లో ముక్కాలు భాగం అబద్ధమని ఈ వీధిలో పసిబిడ్డకు కూడా తెలుసు. మా నాయన పులి మింద కూర్చోని సంతకు పోయి, ఆ పులికి చారెడు శెనగలు కొనిపెట్టి మళ్ళా దాని మిందే ఇంటికొచ్చినాడని చెప్తే మీరంతా తలకాయలూపినారు. ఆ పులి ఈ కతలో కూడా ఉంటే నాకూ బాగుండు. లేదు. ఇది నా కోడలు మమత కత. రెండు వేల ఇరవైనాలుగో సంవత్సరం ఎండాకాలంలో జరిగింది. చెప్పాలా వద్దా అని ఆ పిల్లనే అడిగినా. "చెప్పు అత్తా. కానీ నువ్వు చెప్పిన మాట కూడా దాంట్లో చెప్పాల" అనింది. సరే అన్నా. అందుకే ఈ పొద్దు పులి లేదు.

ఆ యేడు ఎండ ఎట్లుండె? మా మిద్ది మింద కాకి వాలి కావుమంటే నోట్లోంచి దుమ్ము రాలింది. సూర్యుడే ఒక రోజు మా వీధిలో దిగి లోటాడు నీళ్ళడిగినాడు, కెంపమ్మ లేవు పొమ్మని తలుపేసింది. బోర్లన్నీ చచ్చిపాయ. బెళ్ళందూరు పక్క ఇరవై అంతస్తుల ఇండ్లల్లో ఉండే దొరసానులు కూడా బకెట్లు పట్టుకోని లిఫ్ట్‌లో దిగి ట్యాంకరు కాడ నిలబడిరంట. మన బొమ్మనహళ్ళికి రెండు రోజులకొక తూరి వచ్చే కావేరి నీళ్ళు వారానికొక తూరి ఆయె.

ఆ నీళ్ళు వదిలేవాడు నా కొడుకు చెన్నయ్య. మీకు తెలియనిదేముంది. సందు మొగదాల గుంతలో వాల్వులుంటాయి. మనిషంత ఇనప కడ్డీ దాంట్లోకి దించి, రెండు చేతులా పట్టి తిప్పితే ఒక వీధికి నీళ్ళు పోతాయి. ఎడమ వీధి ఒకటి, కుడి వీధి ఒకటి. మేముండేది కుడి వీధి, కెంపమ్మది ఎడమ వీధి. రెంటికీ ఒకేసారి వదిలితే రెండు పక్కలా బొట్టు బొట్టే. అందుకే వంతు. ఈ తూరి ఎడమకి, మళ్ళొచ్చే తూరి కుడికి. మా మామ ఊర్లో నీరుగంటి, పొలాలకు కాలవ నీళ్ళు వంతులేసి పంచేవాడు. "వంతు తప్పినోనికి నీళ్ళూ లేవు, నీతీ లేదు" అనేవాడు. మాది వంతులు తిన్న వంశం. చెన్నడు గోడకు క్యాలెండరు తగిలించి, ఎడమ వీధి రోజుకు ఎర్ర చుక్క, కుడి వీధి రోజుకు నీలి చుక్క పెట్టేవాడు. అన్నం మానినా ఆ చుక్కలు మానడు.

ఇంగ మమత సంగతి. గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టే పని. చేయి ఎంత వడి అంటే, పొద్దున లైనులో కూర్చోని కుట్టిన కాలర్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిస్తే మధ్యాన్నానికి మైసూరు చేరుతాయి. నోట్లో మాట మాత్రం అంత వడి కాదు. పెండ్లయి ఐదేండ్లు. ఆ ఎండాకాలానికి ముందర వచ్చిన దీపావళికి ఆ పిల్ల కడుపుతో ఉండాదని తెలిసింది. నేను వీధంతా చక్కెర పంచితిని. పది రోజులకే కడుపులో నొప్పి. ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ శైలజ చీటీ వెనకాల పెన్నుతో బొమ్మ గీసి చూపించింది. నడాన సంచి, ఆ పక్కొక ట్యూబు, ఈ పక్కొక ట్యూబు. గుడ్డు ఆ ట్యూబులో నడిచొచ్చి సంచిలో కుదురుకోవాల. ఇది రాకుండా కుడి ట్యూబులోనే నిలిచిపోయింది. అక్కడ పెరిగితే తల్లికే ముప్పు. ఆపరేషన్ చేసి కుడి ట్యూబు తీసేసిరి.

ఒక్క ట్యూబుతో బిడ్డల్ని కన్నోళ్ళు నా దగ్గరే ఎంతోమంది ఉండారు, భయపడొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పింది. ఒకటి, ప్రతి నెలా స్కానింగ్‌కి రా, గుడ్డు ఏ పక్క తయారవుతా ఉండాదో చూద్దాం. రెండోది చెప్పేటప్పుడు మమత చేయి పట్టుకునింది. "నెల తప్పి వారం దాటిందంటే ఒక్క రోజు కూడా ఇంట్లో ఉండొద్దు. ఒకసారి ఇట్లయినోళ్ళకు మళ్ళా అయ్యేదుంటాది. ముందే వస్తే మందుతో కాపాడొచ్చు. ఉండేది ఒక్కటే, గుర్తు పెట్టుకో."

మమత గుర్తు పెట్టుకునింది. అది నేను ప్రమాణం చేసి చెప్తా.

జనవరిలో మొదటి స్కానింగ్. ఆ పిల్ల అర పూట పర్మిషన్ అడుక్కోని పోయింది. చీకటి గదిలో పండుకోబెట్టి, తెర మింద నల్ల మచ్చ చూపించి, ఎడమ పక్క అనిరంట. ఎడమ పక్క అంటే ట్యూబుండే పక్క. మమత వచ్చేటప్పుడు రెండు మూరలు మల్లెపూలు పెట్టుకోని వచ్చింది. నాకింగ కాళ్ళు నేల మింద నిలవలా. ఎడమ పక్కకే తిరిగి పండుకోమంటి. ఎడమ చెంపకే పసుపు ఎక్కువ పూయమంటి. గడప దాటేటప్పుడు ఎడమ కాలే ముందర పెట్టమంటి. కెంపమ్మ అది చూసి, ఇదేదో కొత్త దిష్టికి విరుగుడనుకోని, ఆమె కూడా నెల దినాలు ఎడమ కాలే ముందర పెట్టి, అన్ని మెట్ల కాడా తట్టుకుని పడింది. ఇన్ని చేసినా ఆ నెల ఏమీ నిలవలా. మల్లెపూలు వాడిపాయ.

ఫిబ్రవరిలో పోతే కుడి పక్క అనిరి. ట్యూబు లేని పక్క. మమత బస్సులో కిటికీ పక్క కూర్చోని, మొగం బయటికి తిప్పుకోని ఇంటిదాకా వచ్చింది. నెలకొక తూరి ఆ తెర మింద మచ్చ ఎటు పక్కుంటే అటు ఊగేది ఆ పిల్ల బతుకు. నాకు చూసేకి కాలా. ఏదో ఒకటి చెప్పి నవ్వించాలనుకుంటి. ముగ్గురం అన్నం తింటా ఉండాం. ఎదురుగా గోడ మింద క్యాలెండరు. ఎర్ర చుక్క, నీలి చుక్క, ఎర్ర చుక్క.

"ఓసి పిచ్చిదానా, దీనికేముంది ఏడ్చేకి" అంటి. "దేవుడు కూడా నీరుగంటే గదా. ఆడదాని కడుపులో రెండు వీధులు పెట్టినాడు. ఒక నెల ఎడమకి వదుల్తాడు, ఒక నెల కుడికి. పోయిన నెల ఎడమ. ఈ నెల కుడి. వచ్చే నెల చూడు, మళ్ళా ఎడమకే."

ఊరికే నవ్వించేకి చెప్పిన మాటది. మా నాయన పులి లాంటిది. మార్చిలో పోతే ఎడమ పక్కే వచ్చె.

ఇంగ నన్ను పట్టేవాళ్ళెవురు? చెన్నడు సంబరంగా లేచి, క్యాలెండరులో నెల పేర్ల పక్కన కూడా చుక్కలు పెట్టేసినాడు. జనవరి ఎర్రది, ఫిబ్రవరి నీలిది, మార్చి ఎర్రది, ఏప్రిల్ నీలిది. డిసెంబరు దాకా పెట్టినాడు. వాని జీవితంలో మొదటి తూరి ఆ ట్యూబుల సంగతి వానికి అర్థమైనట్టుండె. అంతవరకూ ఆస్పత్రిలో గోడకానుకోని నిలబడే మనిషి, ఇప్పుడు వీధిలో వాల్వు తిప్పినంత ధీమాగా మాట్లాడబట్టె.

మమతే ఒక్క తూరి అనుమానపడింది. స్కానింగ్ గదిలో డాక్టరమ్మను అడిగింది, వచ్చే నెల కుడి పక్కే గదా మేడం అని. అట్ల లెక్కేమీ లేదు, వరసగా రెండు నెల్లు ఒకే పక్క రావొచ్చు, ఒక్కో తూరి కుడి పక్క వచ్చిన గుడ్డును కూడా ఎడమ ట్యూబు పట్టుకుంటాది అని ఆమె చెప్పిందంట. మమత ఇంటికొచ్చి అదే చెప్పె. నేను పకపకా నవ్వితిని. ఆ డాక్టరమ్మ ఇంట్లో కింద సంపు, పైన ట్యాంకి, కొళాయి తిప్పితే నీళ్ళు. ఆమెకు వంతు సంగతేం తెలుసు అంటి. చెన్నడు కూడా నవ్వినాడు.

"ఎడమ పైపు రోడ్డు దాటి పోయి కుడి వీధి నీళ్ళు ఎట్ల పడతాది మమతా?" అనినాడు. "ఇరవై ఏండ్లలో నేను చూడలా."

మమత కూడా నవ్వింది. మొగుడూ అత్తా ఒకే మాట చెప్తా ఉంటే, అది కూడా ఏడుపు మాన్పించే మాటైతే, ఎవురు నమ్మరు?

మార్చి నెల కూడా పోయె. ఎర్ర చుక్క నెల, అన్నీ సరిగా ఉండే నెల, అదీ పోయె. ఉగాదికి ముందర మమత బయట కూర్చున్నప్పుడు నేను పలకరించేకి పోతే, తలొంచుకోని చీర అంచు దారాలు పీకతా ఉండె. ఎడమ నెలలు ఎట్ల గడిచేవో తర్వాత ఆస్పత్రిలో ఆ పిల్లే నాకు చెప్పింది. ఈ నాలుగు రోజులు, ఈ వేళకి అని డాక్టరు చెప్తే, చెన్నడు డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవాడంట. వీధికి నీళ్ళు అందుతాయో లేదో అని వాల్వు కాడ నిలబడినప్పుడు మొగం ఎట్లుంటాదో అట్లే ఉండేదంట వాని మొగం. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోకుండా పండుకునేది.

ఏప్రిల్ నెల కుడి వంతు. ఈ నెల మనది కాదు అనేసుకున్నాం ముగ్గురం. స్కానింగ్‌కి పోలా. పర్మిషన్ అడగలా. నల్ల మచ్చ లేదు, తెర లేదు. నమ్మండి, ఆ పిల్ల మొగంలో నెత్తురు తిరిగింది ఆ నెలలోనే. మిషను కుట్టుకుంటా పాటలు పాడబట్టిందని పక్క సీటు ఫాతిమా నాకు చెప్పి ముచ్చట పడింది.

ఆ నెల నడాన ఒక మధ్యాన్నం. ఫ్యాక్టరీలో లెట్రిన్లకు నీళ్ళు లేక లైన్లన్నీ ఆపి ఆడోళ్ళను ఇండ్లకు పంపేసిరి. నేను ట్యాంకరు కాడ క్యూలో ఉండా. మమత ఇంటికొచ్చేతలికి చెన్నడు గడప ముందర నిలబడి ఉండాడు, తల నుండి కాలి దాకా తడిసి. మెయిన్ రోడ్డులో పెద్ద పైపు పగిలింది, దాన్ని కట్టేకి గుంతలో దిగితే నీళ్ళు ఎగజిమ్మి ముంచేసినాయంట. ఊరంతా చుక్క నీళ్ళకు ఏడుస్తా ఉంటే, బెంగుళూరులో తడిసినోడు వాడొక్కడే. మమతకు నవ్వాగలేదు. కదలొద్దు కదలొద్దు అని బకెట్టు తెచ్చి వాని కింద పెట్టి, అంగీ విప్పించి పిండింది. అర బకెట్టు నీళ్ళు. వాడూ నవ్వినాడు. ఆ తడి అంగీ ఆరేసేకి మేకు కోసం వెతికి, క్యాలెండరు తగిలించిన మేకుకే తగిలించినారు. చుక్కలన్నీ అంగీ కింద దాక్కునె. నేను బిందె మోసుకోని వచ్చేతలికి చాలా సేపు పట్టింది. ఇద్దరూ మిద్ది మింద కూర్చోని మామిడికాయ ఉప్పుకారం అద్దుకోని తింటా ఉండారు. పెండ్లయిన కొత్తలో ఉన్నట్టుండారు. దిష్టి తగలకుండా నేను మొగం తిప్పుకుంటి.

ఏప్రిల్ పోయె. మే వచ్చె. ఎండ ఇంగా ముదిరె.

ఒక పొద్దున నేను బియ్యం కడుగుతా ఉండా. కడిగిన నీళ్ళు అంట్లకు, అంట్ల నీళ్ళు లెట్రిన్‌కు, అట్లుండె కాలం. మమత వెనకాల వచ్చి నిలబడి, "అత్తా, నాకు రాలేదు" అనింది.

ఎన్ని రోజులని అడిగితే ఎనిమిది అనింది. నేను లేచి క్యాలెండరులో ఏప్రిల్ పేరు పక్కన చూసినా. నీలి చుక్క.

"కుడి నెల గదమ్మీ" అంటి. "ఎండకు భూమిలో నీళ్ళింకినాయి, మనిషిలో ఇంకవా? అదే వస్తాది."

మమత పోలా. ఆడే నిలబడి ఉండాది. వారం దాటితే రమ్మని డాక్టరమ్మ చెప్పింది గదత్తా అనింది. గొంతు మెల్లగా ఉండాది. ఆ పిల్లకు పోవాలని ఉండాది, పొమ్మని ఎవురన్నా చెప్పాల, అంతే.

"అది ఎడమ నెలకు చెప్పిన మాట" అంటి నేను.

ఇదే నేను చెప్పిన మాట. మమత చెప్పమనింది ఈ మాటే. చెప్పేసినా.

ఆ పిల్ల పెట్టెలో చీరల కింద, మార్చిలో తెచ్చుకున్న పరీక్ష కిట్టు ఒకటి మిగిలిండె. ఆ రోజు తీసి చేతిలో పట్టుకోని కూర్చునిందంట. ఎన్నో తూర్లు చూసిండాది ఆ ఒంటి గీతను. వంతు లేని నెలలో కూడా చూసి ఏడ్చేదెందుకని మళ్ళా చీరల కిందే పెట్టేసింది. రెండు రోజులకు మరక మాదిరి కొంచెం కనబడింది. చూసినావా, చెప్తిని గదా, వచ్చేసింది అని నేనే సంతోషపడితి. అది వచ్చింది కాదు.

తర్వాత భుజం నొప్పి. ఎడమ భుజం కొసన పట్టుకున్నట్టుండాది, ఊపిరి పీలిస్తే పోటు పొడుస్తా ఉండాది అనేది. ఆ ఎండాకాలం ఈ వీధిలో భుజం నొప్పి లేని ఆడదాన్ని చూపించండి నాకు. మూడు సందుల అవతల నుండి బిందెలు మోసినామే అందరం. నువ్వుల నూనె కాచి రుద్దినా నేనే, నా ఈ చేతులతోనే. కడుపులో నెత్తురు కారతా ఉంటే భుజంలో నొప్పి వస్తాదని నాకెవురు చెప్పినారు? డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడు కుడి వీధి వంతు. తెల్లవారి ఆరు గంటలు. చెన్నడు మొగదాల కడ్డీ దించి వాల్వు తిప్పినాడు. వరసలో మమత బిందె నాలుగోది. వీధి కొళాయి గురగురమని, దగ్గి, నీళ్ళు పడినాయి. మమత వంతు వచ్చె. వంగి బిందె పెట్టింది. సగం నిండినాక ఎత్తబోయి, నా పక్క తిరిగి, "అత్తా, చీకటిగా ఉండాది" అనింది. ఎండ కొడతా ఉండాది అప్పటికి.

బిందె దొర్లుకుంటా పోయె. ఆ పిల్ల నేల మింద ఉండాది. పెదాలు సున్నం మాదిరి. నేను పెద్దగా అరచినానంటారు, నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. వెనకాల ఉన్నామె మమత బిందెను కాలితో పక్కకు జరిపి, ఆమె బిందె కొళాయి కింద పెట్టింది. నేను తప్పుపట్టను. వారానికొక తూరి వచ్చే నీళ్ళు.

చెన్నడు కడ్డీ గుంతలోనే వదిలేసి పరిగెత్తి వచ్చినాడు. వాని ఉద్యోగంలో అదే మొదలు, వాల్వు కట్టకుండా పోయేది. ఆటోలో మమత తల నా ఒళ్ళో, కాళ్ళు వాని ఒళ్ళో. హోసూరు రోడ్డంతా నేను దానికి కత చెప్తానే ఉండా, నిద్రపోకూడదని. పులి కతే. పులి సంతలో తప్పిపోయిందని, మా నాయన ఊరూరా వెతికినాడని. ఏం చెప్తినో నాకే తెలియదు. మమత కండ్లు తెరిచి విన్నట్టుండె, విన్లేదు.

ఆపరేషన్ గదిలో మూడు గంటలు. డాక్టరమ్మ శైలజ బయటికొచ్చింది. ప్రాణం దక్కింది అనింది. ట్యూబు పగిలిపోయింది, కడుపు నిండా నెత్తురు, తీసేయక తప్పలేదు అనింది. తర్వాత అడిగింది, నెల తప్పి ఎన్ని రోజులాయె, ఎందుకు రాలేదు అని.

చెన్నడు ముందుకొచ్చినాడు. వాడు ఒకటే అడిగినాడు.

"ఎడమదా మేడం, కుడిదా?"

"ట్యూబు ఎడమది" అనింది ఆమె. "గుడ్డు కుడి పక్కది. లోపల చూస్తే తెలుస్తాది, గుడ్డు వదిలిన గుర్తు కుడి పక్కే ఉండాది. ఎడమ ట్యూబు అటు పక్కకు వంగి పోయి పట్టుకునింది. నేను చెప్పినాను గదా, అట్ల కూడా అవుతాదని."

చెన్నడు వాని అరచేతులు చూసుకున్నాడు. ఇరవై ఏండ్లు కడ్డీ తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులు. డాక్టరమ్మ నా పక్క చూసింది. కుడి నెల అనుకున్నాం తల్లీ అంటి నేను. ఆమెకు అర్థం కాలా. ఎన్ని కతలు చెప్పినానో జన్మలో, ఆ పొద్దు ఒక్క ముక్క అల్లలేక పోతిని.

ఇంగ మామూలుగా కడుపొచ్చే దోవ లేదు, బయటే గుడ్డును కలిపి సంచిలో పెట్టే వైద్యం ఉండాది, కోలుకున్నాక ఆలోచించండి అని చెప్పి పోయింది. చెన్నడు తలూపినాడు. అది లక్షల మాట, మన వీధి దాకా పైపెయ్యని నీళ్ళని వానికీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు మధ్యాన్నం మమతకు పూర్తిగా తెలివొచ్చింది. చెన్నడు మందులకు పోయిండె. నేను పక్కన కూర్చోని తడి గుడ్డతో పెదాలు తుడుస్తా ఉండా. ఆ పిల్లకు నర్సు అంతా చెప్పేసిందంట. నేను ఏడ్చేకి నోరు తెరిచితి, మమత చేయెత్తి ఆపింది. తిడతాదనుకున్నా. తిట్టుంటే ఎంత బాగుండు.

"అది రోడ్డు దాటి పోయిందంట గదా అత్తా" అనింది.

అవునంటి.

"అంత దూరం పోయి పట్టుకొచ్చింది. మనమే ఇంట్లో లేము."

అంతే. గోడ పక్కకు తిరగాలని చూసింది, కుట్లు లాగె, తిరగలేక పైకి చూస్తా పండుకునింది. ఆ మధ్యాన్నం సంగతి, అంగీ పిండిన సంగతి, క్యాలెండరు మింద ఆరేసిన సంగతి అప్పుడు చెప్పింది నాకు, మెల్లగా, ఆగి ఆగి. లెక్క లేకుండా నవ్వుకున్న పొద్దు అదొక్కటే అత్తా, దానికే వచ్చింది అది అనింది. చెప్పి చెప్పి నిద్రపోయింది. నేను తడి గుడ్డ చేతిలో పెట్టుకోని అట్లే కూర్చుంటి. గుడ్డ ఆరిపోయె.

చెన్నడు ఇంటికి పోయి చీర తెచ్చినాడు. మేము పోయేతలికి గోడకు క్యాలెండరు లేదు. ఏం చేసినాడో అడగలా. మేకు మాత్రం ఇప్పుడూ ఉండాది, చూడండి పోయి. వంతులు ఇప్పుడు అరచేతిలో పెన్నుతో రాసుకుంటాడు, చెమటకు చెరిగిపోతే మిమ్మల్నే అడుగుతాడు.

ఆరో రోజు పంపించిరి. పొద్దు వాలతా ఉండె. మడివాళ దాటేతలికి మబ్బు మూసుకునె, బొమ్మనహళ్ళి వచ్చేతలికి వాన. మామూలు వాన కాదు. ఆ యేడంతా ఎగ్గొట్టిన నీళ్ళన్నీ దేవుడు ఒకే పూట కుమ్మరించినట్టుండె. వంతు లేదు, వాల్వు లేదు, ఎడమ వీధి కుడి వీధి ఒకటై ఏరు మాదిరి పారతా ఉండాది. ఆటోవాడు సందులోకి రానని మొగదాలనే ఆపేసినాడు. ఆ గుంత కాడ, చెన్నడు వదిలేసిపోయిన చోటే, వాని కడ్డీ నిలబడి ఉండాది. వాడు తాకని ఆరు రోజులూ అది కుడి వీధి పక్కే తిరిగిండె, కట్టేవాడు లేక. ఎడమ వీధికి వంతే రాలేదంట.

చెన్నడు మమతను చేతుల మింద ఎత్తుకున్నాడు. నేను వెనకాల సంచి పట్టుకోని. మమత మొగం వాని భుజంలో దాచుకునింది, వాన నీళ్ళు దాని జుట్టు మిందుగా కారతా ఉండాయి. వీధిలో తలుపులు తెరుచుకునె. అంతమంది ఆడోళ్ళు గడపల్లో నిలబడి నోరు మూసుకున్నది ఈ వీధిలో అదొక్క తూరే.

అప్పుడు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎదురొచ్చింది కెంపమ్మ. తల తడవకుండా ప్లాస్టిక్ బిందెను నెత్తి మింద బోర్లించుకోని, రెండు చేతులా దాన్ని పట్టుకోని. చెన్నని ముందర నిలబడి, వాని చేతుల్లో ఉండే మమతను చూసింది, అయ్యో పాపమనింది, దోవ మాత్రం ఇడవలా. పది రోజుల నుండి మా ఎడమ వీధికి చుక్క లేదప్పా అనింది. చెన్నడు మమతను ఇంగా పైకెత్తి పట్టుకున్నాడు. ఇంత వాన పడతా ఉండాది గదమ్మా కెంపమ్మా, పట్టుకోరాదా అంటి.

ఆమె బిందె కింద నుండి నన్ను ఎగాదిగా చూసింది.

"యాడ పట్టేది నాగమ్మా? ఉండేది ఒక్క బిందె, అది చూస్తే నెత్తి మింద ఉండాది. రేపు ఎడమ వీధి వంతు మాత్రం తప్పియ్యొద్దని నీ కొడుక్కి చెప్పు."